ఏడో ఇంట్లో శని, ఆటోనగర్‌లో ఆయన

ఆటోనగర్, బెజవాడ

చి.ల.సౌ. మాణిక్యానికి,

బసవయ్య ఆశీర్వదించి రాసేది. పొద్దున చెప్పకుండా వచ్చేశానని కోప్పడకు. నాది చిత్త మూడో పాదం, తులారాశి అని ఇన్నాళ్ళూ అనుకున్నాం కదా. కాదట! బస్సు తప్పిపోకుండా మా ఇంట్లో గడియారం ఎప్పుడూ పావుగంట ముందుకు తిప్పి పెట్టేవాళ్ళని మన ఊరి సిద్ధాంతిగారితో అన్నాను. ఆయన నేను పుట్టిన టైములో ఆ పావుగంట తీసేసి లెక్క కట్టేసరికి రెండో పాదంలో పడ్డాను. అంటే కన్యారాశి. శని ఏడో ఇంట్లో ఉన్నాడు. భార్యతో మాటామాటా పెరిగి కాపురమే చెడుతుందట. అందుకని శని అక్కణ్ణుంచి కదిలేదాకా మన లారీ షెడ్డులోనే ఉంటాను. ఫోను చెయ్యకు. ఉత్తరాలకు దోషం లేదట.

నీ మేలు కోరే,
బసవయ్య

తా.క. బీపీ బిళ్ళలు మరిచాను. ఎవరితోనైనా పంపు. నువ్వు మాత్రం తేవద్దు.

పామర్రు

పూజ్యులైన శ్రీవారికి,

మీ పాదాలకు, అది రెండోదో మూడోదో తేలాక, నమస్కరిస్తాను. ముప్పైయేళ్ళుగా రోజూ పోట్లాడుకుంటూనే ఉన్నాం. అప్పుడు ఏ శని ఉన్నాడండీ? వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను. "మీ ఆయన వదిలేసి పోయాడటగా" అని పద్మావతమ్మగారు పరామర్శకు వచ్చి, కాఫీ కూడా తాగి వెళ్ళింది. ఆవిడున్నంతసేపూ ఏడుపు ఆపుకున్నాను. వెళ్ళాక ఒళ్ళు మండింది.

అత్తయ్యగారిని అడిగాను. మీ జాతకం రాయించేటప్పుడే మీ తాతగారు ఆ పావుగంట తీసేసి చెప్పారట. మీ సిద్ధాంతి దాన్ని రెండోసారి తీశాడు. మీరు మూడో పాదమే!

ఇట్లు,
మాణిక్యమ్మ

తా.క. బిళ్ళలు పంపుతున్నాను. ఆవకాయ పంపను.

ఆటోనగర్

మాణిక్యానికి,

శుభం! ఫోను చేసి అడిగితే సిద్ధాంతిగారు ఒప్పుకున్నారు. మూడో పాదమే, తులారాశే. శని ఆరో ఇంట్లో ఉన్నాడు, అన్నీ మంచి ఫలితాలేనట. ఇక కోపం తగ్గించుకో. ఇక్కడ దోమలు పీక్కు తింటున్నాయి. ఈ ఆదివారం పొద్దున మొదటి బస్సుకే వచ్చేస్తున్నాను.

నీ
బసవయ్య

తా.క. గుత్తివంకాయ చెయ్యి.

పామర్రు

శ్రీవారికి,

రావద్దు. నిన్న నేనూ వెళ్ళి అదే సిద్ధాంతిగారికి నా జాతకం చూపించాను. నాది హస్త. దాని నాలుగు పాదాలూ కన్యారాశిలోనే ఉంటాయట. గడియారం ముందున్నా వెనకున్నా మారేది లేదట. అంటే ఏడో ఇంట్లో శని నాకు! భర్తతో కలహం నాకు! మీలాగా ఇల్లు వదిలి పోదామంటే అత్తయ్యగారికి వండిపెట్టేదెవరు? కాబట్టి శని కదిలేదాకా మీరే అక్కడ ఉండండి.

ఇట్లు,
కన్యారాశి మాణిక్యమ్మ

తా.క. సిద్ధాంతిగారిదీ కన్యారాశేనట. "మరి మీరు ఇంట్లోనే ఉన్నారేమండీ?" అని అడిగాను. "మా ఆవిడ ఒప్పుకోలేదమ్మా" అన్నారు. వెళ్ళేముందు నన్ను ఒక్కమాట అడిగుంటే, నేనూ ఒప్పుకునేదాన్ని కాదు.