ఎడమవైపు బోల్టులు

సులై, రియాద్
శుక్రవారం, జుమా నమాజు తర్వాత

మేరాజ్‌కు,

సలాం. నువ్వూ, కడపలో నర్సింగ్ చదువుతున్న మన కూతురు జబీ క్షేమమని తలుస్తాను. చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని నవ్వుతావేమో. నవ్వుకో. ఫోన్ చేస్తే పక్క మంచం మీద నీ తమ్ముడు ఆసిఫ్ ఉంటాడు. వాడు వినే మాటలు కావివి. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా మనిద్దరికీ రాయడం వచ్చింది తెలుగు బడిలోనే కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. అబ్దుల్ వహాబ్ సెలవు మీద ప్రొద్దుటూరు వస్తున్నాడు, అతని చేత పంపుతాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

నాకు వీసా ఇచ్చిన మా కఫీల్ అబూ ఫహద్‌కు పాత కార్లంటే పిచ్చి అని నీకు తెలుసు. ఇప్పుడు షెడ్డులో ఉన్నది వాళ్ళ నాయన డాడ్జ్ కారు. మనం పుట్టక ముందటిది. అందులోనే ఆ పెద్దాయన నజ్రాన్ నుంచి ఇంటిల్లిపాదినీ హజ్‌కు తీసుకుపోయాడట. ఆయన పోయాక తోటలో ఎండకు ఎండి, ఇసుకలో కూరుకుపోయిన దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, "మస్తాన్, మా నాయన నడిపిన బండి ఇది. బాగు చెయ్, కానీ ఏదీ మార్చొద్దు" అన్నాడు.

ఆ కాలం డాడ్జ్ కార్లకు ఒక తిక్క ఉంది. కుడివైపు చక్రాల బోల్టులు అన్నిటి మాదిరే తిరుగుతాయి. ఎడమవైపువి ఉల్టా. విప్పాలంటే బిగించినట్టు తిప్పాలి. బండి పోతుంటే వాటంతట అవి వదులు కాకూడదని అప్పటివాళ్ళు చేసిన ఏర్పాటు. నేను సామాన్లకు బయటికి పోయిన రోజు ఆసిఫ్ ఎడమ చక్రం విప్పబోయాడు. రాకపోయేసరికి తుప్పు పట్టి ఉంటుందని పానాకు పొడుగాటి పైపు తగిలించి, ఒంటి బరువంతా వేసి తిప్పాడు. అదీ ఎటు, బిగిసే వైపు. రెండు బోల్టులు లోపలే విరిగాయి. విరిగిన ముక్కలు ఎలాగో తీసి, చిల్లుల్లో మరలు శుభ్రం చేద్దామని మర కోసే మామూలు ట్యాప్ పెట్టి అన్ని చిల్లుల్లోనూ తిప్పాడు. ఎడమ మర మీద కుడి మర కోస్తే ఇంకేం మిగులుతుంది? నేను వచ్చి చూసేసరికి మరలన్నీ పొడి పొడిగా రాలి కింద పడి ఉన్నాయి.

అబూ ఫహద్ వచ్చి చూశాడు. ఆయన అరిస్తే మాకు భయం లేదు, అరిచి మర్చిపోతాడు. ఆరోజు అరవలేదు. "ఎవరు చేశారో వాడికి ఖురూజ్" అన్నాడు. ఖురూజ్ అంటే ఇంక మళ్ళీ రాకుండా ఇంటికి పంపేయడమని నీకు తెలుసు కదా. ఆసిఫ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను ముందుకు పోయి "నేనే చేశాను" అన్నాను.

ఆయన నమ్మలేదు. నా మొహం చూస్తూ, "నువ్వా" అన్నాడు. నేనేనన్నాను. "అయితే పాడు చేసినవాడివి బాగు చేసి పో" అని వెళ్ళిపోయాడు.

ఎందుకు అలా అన్నానంటే, ఆసిఫ్ నీకు తమ్ముడు కాదు, కొడుకు. మీ అమ్మ పోయినప్పుడు వాడు దోగాడుతున్నాడు. నువ్వు చంకన వేసుకుని పెంచావు. ఇక్కడికి పంపేటప్పుడు "వాణ్ణి కడుపులో పెట్టుకుని చూసుకోండి" అన్నావు. ఇప్పటికీ ఫోనెత్తితే "ఆసిఫ్ తిన్నాడా" అంటావు, ఆ తర్వాతే నేను. ఇది కోపంతో రాయడం లేదు. ఎందుకు అబద్ధం, కోపంతోనే రాస్తున్నాను.

ఇంకొకటి కూడా రాసేస్తాను, కడుపులో పెట్టుకుని చాలా రోజులైంది. పోయిన సెలవులో నేను ఇంటికి వచ్చిన మర్నాడే నువ్వు పొయ్యి దగ్గర కూర్చుని "టికెట్ ఎప్పటికి?" అని అడిగావు. పెట్టె తాడు కూడా విప్పలేదు అప్పటికి. నా ఇంట్లో నేను చుట్టపు చూపుగా వచ్చినవాణ్ణని ఆరోజు తెలిసింది. నేను లేకుండా బతకడం నీకు అలవాటైపోయింది. తప్పు నీది కాదు. ఇంతకాలం లేనివాడికి ఇంట్లో చోటు ఎవరు అట్టిపెడతారు? కానీ ఇప్పుడు ఊరికే సెలవు మీద కాదు, ఉండిపోవడానికే వస్తున్నాను. వస్తే నీకు భారమవుతానా? ఉన్నదున్నట్టు రాయి. భారమైతే కడపలో ఏదో షెడ్డు చూసుకుంటాను, ఎవరికీ తెలియనివ్వను.

ఉంటాను,
మస్తాన్ వలీ

సులై

మేరాజ్‌కు,

సలాం. ఈ ఉత్తరం కడప వాజిద్ చేతికిస్తున్నాను. ఫోన్‌లో నువ్వు ఎండల గురించి, మిరపకాయలు ఎండబెట్టడం గురించి మాట్లాడావు. నా ఉత్తరం అందిందో లేదో నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. పక్కన ఆసిఫ్ ఉన్నాడు మరి. ఇప్పుడు ఆ ఉత్తరానికి జవాబు అవసరం లేదు. నేను రావడం లేదు.

జరిగింది చెప్తాను. ఎడమ మర కోసే ట్యాప్ ఆ సైజులో సులై అంతా తిరిగినా దొరకలేదు. షాపులవాళ్ళు, "క్యోం పరేషాన్ హోతే భాయ్, సీధా చూడీ మార్ దో" అన్నారు. మామూలు మర వేసి పడెయ్యమని. వేస్తే చక్రం నిలబడుతుంది, కారు నడుస్తుంది, ఎవరికీ కనపడదు కూడా. కానీ ఏదీ మార్చొద్దన్నాడు కదా ఆయన. చిల్లులు పెద్దవి చేసి, వాటిలోకి ఉక్కు గొట్టాలు చేసి దించుదామనుకున్నాను. గొట్టం లోపల ఎడమ మర కోయాలి. అది లేత్ మీద నేనే కోశాను. ఆసిఫ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, వాడి చేత కూడా ఒకటి కోయించాను. మొదటిది పాడు చేశాడు. రెండోది బాగా వచ్చింది. గొట్టాలు దించాక కదలకుండా అంచున పిన్నులు కొట్టాము.

ఒక మాట నీకే చెప్తున్నాను. పని బాగా కుదిరితే ఆయన మెత్తబడి నన్ను పోనివ్వడని తెలుసు. చిల్లు పెద్దది చేసేటప్పుడు డ్రిల్లు కొంచెం ఒరిగితే చాలు, చక్రం ఊగుతూ తిరుగుతుంది, చక్రం బిగించే ఆ హబ్ ఇంక పనికిరాదు. నన్ను పంపేస్తారు. నేను చేశానన్న అబద్ధం నిజమవుతుంది, నాకూ ఇంటికి పోయే దారి దొరుకుతుంది. మిషను ఆపాను. ఆశ పుట్టింది మేరాజ్, ఎందుకు దాచాలి. కానీ నువ్వు పొయ్యి దగ్గర అడిగిన మాట గుర్తొచ్చింది. ఇంక చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. చెడగొట్టడానికి ఒప్పుకోలేదు.

నిన్న అబూ ఫహద్ వచ్చాడు. పానా ఇవ్వబోతే వద్దని, బోల్టు తీసుకుని వేళ్ళతోనే తిప్పాడు, ఎడమవైపుకు. చివరిదాకా సాఫీగా పోయింది. అన్నీ అలాగే పోయాయి. చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. "మా నాయన నాకు ఇది నేర్పించాడు మస్తాన్. చిన్నప్పుడు నేనూ ఇట్లనే ఉల్టా తిప్పి తన్నులు తిన్నాను" అన్నాడు. తర్వాత లేచి, "ఖురూజ్ లేదు, ఏమీ లేదు. నువ్వు ఇక్కడ ఉండడానికి ఇఖామా రెన్యూ చేయిస్తా. నువ్వు పోతే ఈ కార్లు ఎవరు చూస్తారు" అన్నాడు. షెడ్డంతా వచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఆసిఫ్ ఏడ్చాడు.

అందరూ సంతోషపడ్డారు కాబట్టి నేనూ పడ్డాను. నీకు ఇబ్బంది తప్పింది. నీ తమ్ముడికీ ఏమీ కాలేదు. మునుపటిలాగే ఏడాది రెండేళ్లకు ఒకసారి వస్తాను. మిరపకాయలు ఎండలో ఎక్కువసేపు తిప్పకు, నీకు తల తిరుగుతుంది.

మస్తాన్ వలీ

ప్రొద్దుటూరు

జబీ అబ్బాకు,

మేరాజ్ సలాం చెప్పి రాయునది. మీ మొదటి ఉత్తరం అబ్దుల్ వహాబ్ అన్న తెచ్చి ఇచ్చినాడు. దానికి జవాబు రాసి అన్నకు ఇద్దామని పెట్టుకున్న రోజే వాజిద్ మీ రెండో ఉత్తరం తెచ్చినాడు. రాసింది చించేసి మళ్ళీ రాస్తున్నాను.

ఆసిఫ్‌కు నేనే ఫోన్ చేసి అడిగినాను. ఏడుస్తూ అంతా చెప్పినాడు. వాణ్ణి బాగా తిట్టినాను. ఇప్పుడు మిమ్మల్ని తిట్టాల.

వాణ్ణి నేను అక్కడికి ఎందుకు పంపినాననుకున్నారు? వాడికి ఇక్కడ పని లేకనా? బంగారం అంగళ్ళ వీధిలో వాడి పని వాడికుండె. మీరు ప్రతిసారీ "షెడ్డు వదిలి వస్తే నా పని చూసేవాళ్ళు ఎవరున్నారు" అంటుంటిరి. సరే, ఒక మనిషిని తయారు చేస్తే విడుస్తారు గదా అని, కొడుకు మాదిరి పెంచుకున్నోణ్ణి ఇచ్చి పంపితి. కడుపులో పెట్టుకుని చూసుకోండి అన్నది వాడు పని నేర్చుకోవాలని. ఆసిఫ్ తిన్నాడా అని అడిగేది మీరు తిన్నారా అని అడిగితే ఏడుపొస్తుందని. ఇది నోరు తెరిచి చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. రమ్మంటే, మీకు అక్కడే బాగుందేమో, నా కోసం గుడ్డిగా వచ్చేసి మీరు కుములుతారేమోనని భయం.

టికెట్ ఎప్పటికి అని అడిగితే అది పొమ్మనడమా? ఎన్నాళ్ళుంటారో తెలిస్తే ఆ మేరకు గుండె రాయి చేసుకుందామని అడిగినాను. తెలియకపోతే రోజూ పొద్దున లేచి, ఈ రోజేనేమో అని మీ పెట్టె వైపు చూస్తా ఉంటాను. మీకు ఇంట్లో చోటు లేదన్నారు. మీరు పోయిన ప్రతిసారీ మీ కంచం కడిగి బీరువాలో పెట్టి తాళం వేసేది ఎవరు? జబీని అడగండి.

మీ మొదటి ఉత్తరంలో వస్తున్నానన్న మాట చదివి నేను ఏడవలేదు, నవ్వినాను. తప్పో ఒప్పో, అల్లాకు షుక్ర్ చెప్పుకున్నాను. పెద్ద గది సున్నం వేయించినాను. మీకు పొద్దున ఎండ పడదని మంచం ఇటువైపు జరిపించినాను. ఎదురింటి సాబేరా "ఏంది వదినా, పెళ్ళా" అని ఎగతాళి చేసింది. అట్లున్నప్పుడు వచ్చింది మీ రెండో ఉత్తరం. బోల్టులు సాఫీగా పోయినాయంట, అందరూ చేతులు పట్టుకున్నారంట. ఆ బోల్టులు అంత చక్కగా ఎందుకు చేసినారు? ఒక్క చిల్లు వంకరగా పోయి ఉంటే మీ సొమ్మేం పోయేది?

లేదు, అట్ల రాయకూడదు. మీ చెయ్యి అట్ల చెయ్యదని నాకు తెలుసు. చేసినారు, ఆయనకు వాళ్ళ నాయన కారు ఇచ్చినారు, చాలు. ఉల్టా మర కోయడం ఆసిఫ్‌కు వచ్చిందని మీరే రాసినారు గదా. ఇంక ఆ షెడ్డు వాడు చూసుకుంటాడు. వాడు అక్కడే ఉండాలని నేను అంటున్నాను, వాడి అక్కను. మీ కఫీల్ దగ్గరికి పోయి మీరే ఖురూజ్ అడగండి. ఇవ్వనంటే నా మాటగా చెప్పండి. చచ్చిపోయిన నాయన బండికే ఆయన అంత తపించినాడు, బతికున్న మనిషి కోసం నేను అడుగుతున్నాను అని చెప్పండి. అర్థం చేసుకుంటాడు.

మీరు భారమా అని రాసినారు. ఆ మాట చదివిన చోట కాగితం తడిసింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

ఇదే నేను మీకు రాసే కడపటి ఉత్తరం. ఇంక ఏం చెప్పాలన్నా ఎదురుగా కూర్చుని చెప్తాను.

మీ
మేరాజ్