నాటుపెట్టలే తెచ్చాను, సుగుణా

సుగుణా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నువ్వు పోయి ఏడాదైందని నిన్న చర్చిలో ప్రార్థన పెట్టించాను. చుట్టాలు అన్నాలు తిని వెళ్లిపోయాక దొడ్డి మరీ బోసిగా కనిపించింది. అందుకే ఈ ఉదయం ఓర్వకల్లు వెళ్లి కోళ్లు కొన్నాను.

మనం గూడు కట్టింది నీ జబ్బు బయటపడక ముందు. గుడ్లు ఎక్కువ పెడతాయని నేను గ్రామప్రియ కోళ్లు తెద్దామన్నాను. అవి పొదగవని నువ్వు ఒప్పుకోలేదు.

"పిల్లల్ని ఎంటేసుకోని తిరగని కోడి యాడన్నా ఉంటాదా? నాకు నాటుపెట్టలే కావాల" అన్నావు.

ఆ మాట తేలకముందే నిన్ను కర్నూలు ఆసుపత్రిలో చేర్చాను. అక్కడ గుడ్డు ఒలిచి పెడితే, "మన కోడిదైతే తింటాంటి" అని మొహం తిప్పుకున్నావు. గూడు ఖాళీగానే ఉండిపోయింది.

ఈరోజు అమ్మే ఆయన కూడా గ్రామప్రియ పెట్టలనే ముందు చూపించాడు. నాటువే కావాలన్నాను.

"అవి గుడ్లు తక్కువ పెడతాయి గదప్పా. ఇంట్లో ఎంతమంది ఉండారు?"

"ఇద్దరం" అన్నాను.

"ఇద్దరికైతే సాల్లే" అని ఆయన మంచి పెట్టలు ఏరి, కాళ్లు కట్టి ఇచ్చాడు.

తప్పు చెప్పానని బస్సెక్కాక గాని నాకు తెలియలేదు. అప్పటికే, ఎప్పటిలాగే, కిటికీ పక్క సీటు నీకు వదిలి, కోళ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.