తెల్లటోపీ అసలు పేరు

అత్తయ్యకు, కోడలు అయ్‌గానిష్ సలాములు.

ఇక్కడ నేను, మీ మనవరాలు బెగాయిమ్, పసివాడు, అల్లుడు అందరం కులాసా. అలాయ్‌లో అప్పుడే మంచు పడిందని వ్యాను డ్రైవర్ శరిప్ చెప్పాడు. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయో, గొర్రెలను కొండ దింపారో లేదో రాయండి. శరిప్ చేత మీరు పంపిన చీటీ, ఎండు పెరుగు కురుత్ ఉండల సంచీ అందాయి. బాలింత కోసం పంపితే అల్లుడే చప్పరిస్తున్నాడు, సంచీ సగం ఖాళీ.

చీటీలో మీరు మూడు అడిగారు. ఉయ్యాల తొట్టి క్షేమంగా చేరిందా? చేరింది, దానికి కట్టిన పూసల్లో ఒకటి ఊడింది, అంతే. ఫోన్ ఎందుకు తీయడం లేదు, మునిమనవడికి ఏం పేరు పెట్టారు? ఈ రెండింటికీ జవాబు సరిహద్దు దగ్గర మొదలైంది.

ఆ రోజు వ్యాను దిగి వరుసలో నిలబడ్డాం. మధ్యాహ్నానికల్లా నేను సరిహద్దు అవతల బెగాయిమ్ అత్తింటికి చేరకపోతే తొట్టి వేడుక ఆగిపోతుంది. పుట్టింటివాళ్లు తెచ్చిన తొట్టి లేనిదే బిడ్డను పడుకోబెట్టరు కదా. గాజు కిటికీ వెనక ఉన్న అధికారి నా వయసువాడే, మీసాలకు రంగేసుకున్నాడు. పాస్‌పోర్టు చూసి ఫోన్ అడిగాడు. తాళం తెరిచి ఇచ్చాను. దానికో తీగ తగిలించి, వేలితో పైకీ కిందికీ తోస్తూ కూర్చున్నాడు. నాకు భయం కంటే వింతే ఎక్కువైంది. బెగాయిమ్ నొప్పుల కబుర్లు, నా పంటి ఎక్స్‌రే, మీరు రొట్టెలు కాలుస్తున్న ఫొటోలు, అన్నీ ఆయన అరచేతిలో ఉన్నాయి. ఏది చూస్తున్నాడు, ఏది దాటేస్తున్నాడు? ఉండబట్టలేక అడిగేశాను.

"రోజుకి ఎన్ని చూస్తావు తమ్ముడూ?"

"చాలా."

"ఆ తీగలోంచి ఇదంతా ఎక్కడికి పోతుంది?"

"ప్రశ్నలడిగేది నేనక్కా, మీరు కాదు."

అంతలో ఆయన వేలు ఆగింది. మా తోడికోడలు పంపిన కబురు పైకి చదివాడు. "తెల్లటోపీ కోసం శుక్రవారం అందరూ రావాలి. కొడవలి రెండు తలలు తెస్తాడు."

"ఎవరి తలలు?"

"గొర్రెలవయ్యా! తెల్లటోపీ అంటే పోయిన మా మామగారు, ఆయన పేరిట భోజనాలు పెట్టాం."

"కొడవలి ఎవరు?"

"మా బావగారు. మనిషి కాస్త వంగి ఉంటాడులే."

"ఈ ఉరుము?"

"మా పెద్దాడపడుచు. ఒక్కసారి ఫోన్ చేసి చూడు, నీకే తెలుస్తుంది."

వరుసలో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఒక్కరికీ అసలు పేరు లేదు. ఇలా ఎవరు రాసుకుంటారక్కా? ఈ తెల్లటోపీ పేరు చెప్పండి."

అత్తింటి పెద్దల పేర్లు పలకకూడదని నాకు నేర్పింది మీరే. ఇరవై ఆరేళ్లు తప్పలేదు, ఫోన్‌లోనూ మారుపేర్లే రాసుకున్నాను. అది ఆయనకేం తెలుసు?

"నోరు రాదు తమ్ముడూ. కోడల్ని."

"రాసివ్వండి."

చెయ్యీ రాదు. ఇంట్లో అయితే పక్కనున్నవాళ్లని "నువ్వు చెప్పవే" అనేదాన్ని. అక్కడ ఆ పేరు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "అయితే పక్కన కూర్చోండి, సాయంత్రం పై అధికారి వస్తారు" అన్నాడు. వ్యాను మీద తొట్టి కనిపిస్తోంది.

అత్తయ్యా, ఇంతసేపూ నాన్చింది ఇది చెప్పలేకే. నేను ఆ పేరు పైకి అన్నాను. గాజు అడ్డం ఉండి మొదటిసారి ఆయనకి వినపడలేదు. రెండోసారి నలభై మందికీ వినపడేలా అరవాల్సి వచ్చింది. అనగానే వెనక్కి తిరిగి చూశాను. పోయి నాలుగేళ్లయినా, పిలుపు విని మామయ్య పెరట్లోంచి వస్తారేమో అనిపించింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి, ఏడుపూ వచ్చింది. ఆ మనిషి కంగారుపడి ముద్ర కొట్టి "వెళ్లండక్కా" అన్నాడు. తీగ మాత్రం పని పూర్తయ్యాకే తీశాడు. మన కొడవలి, మన ఉరుము ఇప్పుడు ఏ పెట్టెలో ఉన్నారో, ఎవరు చదివి ఏమనుకుంటున్నారో అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఫోన్ చూస్తే గడియ ఊడిన తలుపులా అనిపిస్తోంది. అందులో మంచీచెడూ మాట్లాడబుద్ధి కావడం లేదు.

ఇక పసివాడి పేరు. నేను చేరేసరికి బెగాయిమ్ బెదురుతూ, "అమ్మా, తాతయ్య పేరే పెట్టాం. నువ్వు పలకలేవని ముందు చెప్పలేదు. నీకు నచ్చిన మారుపేరుతో పిలుచుకో" అంది. నేను వాణ్ణి తొట్టిలో పడుకోబెట్టి, వంగి, ఆ పేరుతోనే పిలిచాను. వాడు కళ్లు తెరిచాడు. బెగాయిమ్ నోరు మాత్రం తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

తప్పు చేశానో లేదో మీరే చెప్పాలి, తిట్టినా పడతాను. కానీ నాకొకటి తెలుసుకోవాలని ఉంది. మీరు మామయ్యతో యాభై ఒక్క ఏళ్లు కాపురం చేశారు. ఆ పేరు మీ నోట నేను ఒక్కసారీ వినలేదు. వసంతంలో పసివాణ్ణి తీసుకొస్తే ఏమని పిలుస్తారు? ఈ కాగితం వెనక బెగాయిమ్ చేత పేరు రాయించాను, నా చెయ్యి ఇంకా మొండికేస్తోంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తిప్పి చూడండి. తలుపు వేసుకుని ఒక్కసారి పైకి అనండి. అన్నాక ఎలా ఉందో శరిప్ చేతికిచ్చే చీటీలో రాయండి. ఫోన్‌లో మాత్రం చెప్పకండి.

ఇట్లు,
మీరు నోరు అదుపులో పెట్టుకోవడం నేర్పినా నోరు జారిన
మీ కోడలు
అయ్‌గానిష్