ఇంట్లో పలకకూడని మాట

పాలబెక్ శరణార్థి శిబిరం, ఉగాండా,
ఆగస్టు 14, 2019.

అమ్మా అకెచ్,

జుబాలో నీ ఒళ్ళు కులాసాగా ఉందని నమ్ముకుని మీ అమ్మ రాసేది. ఇక్కడ వానలు ఆగలేదు, నువ్వుల చేను కుళ్ళిపోతుందేమోనని భయం. నా మోకాళ్ళ సంగతి సరేసరి. కానీ అసలు సంగతి ఇవేవీ కావు. నీ కూతురు లాన్యెరో బతికే ఉంది. ఈ మాట రెండుసార్లు చదువుకుని తర్వాత కిందికి రా.

రెండు నెలలుగా పిల్లకి నిద్ర లేదు. బడి మానేసింది. ఎవరైనా రేకు తలుపు దభీమని వేస్తే మంచం కిందికి దూరుతుంది, పదిహేనేళ్ళ పిల్ల! మేం పారిపోయి వచ్చిన రోజు నది దగ్గర దాని తమ్ముడు ఒచాయ పోయినప్పటి నుంచీ బెదురే కదా, పోనుపోను సర్దుకుంటుందిలే అనుకున్నాను. పక్కింటి ఒకెన్యి వాళ్ళమ్మ మాత్రం, ఏమే ముసలీ, చచ్చినవాళ్ళు పట్టిన పిల్లకి బడెందుకు, మేకని కొయ్యి అంది. కోశాం. పెద్దలు నీళ్ళు చల్లి, పేగులు చూసి, ఇంక భయం లేదన్నారు. అందరూ తిన్నారు. పిల్ల ఒక్క ముద్ద ముట్టలేదు.

మర్నాటి నుంచి తన వస్తువులు పంచడం మొదలుపెట్టింది. నీలం గౌను ఒకెన్యి చెల్లెలికి, పుస్తకాలు తోటి పిల్లలకి, నువ్వు పంపిన చెప్పులు నాకు. నా పాదానికి పట్టవే పిచ్చిదానా అంటే, మడమ బయటుంటే గాలి తగుల్తుందిలే అమ్మమ్మా అని నవ్వింది. ఎన్నాళ్ళకో నవ్వింది. మేక పనిచేసిందని మురిసిపోయాను. మన దగ్గర పోయినవాళ్ళ బట్టలే కదా ఇలా పంచుతాం? నాకెందుకు తట్టలేదో!

ఆరోగ్య కేంద్రంలో సిస్టర్ అడొకొరాచ్‌కి తట్టింది. నా కాళ్ళకున్న చెప్పులు చూసి, ఎవరిచ్చారు, ఇంకా ఏమేమి ఇచ్చేసింది అని గుచ్చి గుచ్చి అడిగింది. చచ్చిపోవాలనుందా అని పిల్లని ఎప్పుడైనా అడిగారా అంది. నోరు ముయ్యమన్నాను. తన చేత్తో తెచ్చుకునే చావు పేరు ఇంట్లో పలికితే అది గడప దాటి వస్తుందని మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను. సిస్టర్‌కి కోపం రాలేదు. అవ్వా, అది ఎప్పుడో వచ్చి మీ ఇంట్లో కూర్చుంది, మీరు అడక్కపోతే పిల్ల ఒక్కతే దాంతో కూర్చోవాలి అంది.

అడిగాను. పుల్లకూర తుంచుతూ, మొహం చూడలేక, ఆకుల్ని అడిగినట్టు అడిగాను. అదీ ఒక కాడ తీసుకుని తుంచింది. తర్వాత, రోజూ అనిపిస్తుంది అమ్మమ్మా అంది. ఎప్పుడో, ఎలాగో కూడా అనుకుని పెట్టుకుందట. నేను తిట్టలేదు, ఏడవలేదు. చెయ్యి పట్టుకుని అలాగే సిస్టర్ దగ్గరికి నడిపించాను. ఇప్పుడు రోజు విడిచి రోజు వెళ్తున్నాం. ఒంటరిగా వదలొద్దన్నారు. నాకు కునుకు పడితే ఒకెన్యి వాళ్ళమ్మ వచ్చి కూర్చుంటుంది. మేక మాట మళ్ళీ ఎత్తలేదు.

బాగుపడిందని రాయలేను. నిన్న కూడా, బతికి ఏం చెయ్యాలి అని అడిగింది.

దిగులుతో, మీ అమ్మ
అబాలో

తా.క. ఇంతసేపూ నీ దగ్గర దాచాను. కాగితం మడిచాక మనసు ఒప్పలేదు. జూన్‌లో నువ్వు ఫోన్ చేసి, అది తమ్ముడి చెయ్యి వదలకుండా ఉంటే నా కొడుకు ఉండేవాడు అన్నావు. నా చెవులకి వినపడదని ఫోన్ స్పీకరులో పెట్టుకున్నాను. పిల్ల నా వెనకాలే జొన్నలు చెరుగుతోంది. చేట ఆగిపోయింది. నేను తిరిగి చూడలేదు. కడుపుకోతతో అన్నావని నాకు తెలుసు. పిల్లకి తెలియదు. ఉత్తరం రాయకు, ఫోనూ చెయ్యకు. దాని మొహం చూసి నువ్వే చెప్పాలి. బస్సెక్కి రా.