కారు నోటికి పెట్టిన బొట్టు

తమ్ముడూ,

నువ్వు పోయాక వచ్చిన మొదటి ఆయుధ పూజ అయిపోయింది. గురుబరపల్లి ఇంటి షెడ్డులో నీ ఖరీదైన కరెంటు కారు ముందుంది, దాని వెనక నా ట్రాక్టరు. రెండింటినీ కడిగాం. అమ్మ పసుపు నీళ్లు, కుంకుమ తెచ్చి, నీ కారు ఛార్జింగ్ రంధ్రం నిండా పూసింది. వద్దంటే వినలేదు.

"అది కూడు తినేది ఈడనే కదరా, ఈడ పెట్టకుంటే ఎట్ల?" అంది.

తర్వాత ఛార్జింగుకు పెడితే ప్లగ్గు లోపలే బిగుసుకుపోయింది. కారు స్టార్టు కాదు, చక్రాలు కదలవు. హోసూరు నుంచి సర్వీసు మనిషి వచ్చి చూశాడు.

"పోర్టు, లోపలి ఛార్జరు రెండూ మార్చాలన్నా. నీళ్లు పోయినాయి కదా, వారంటీ రాదు" అన్నాడు.

ఆ రెండింటికీ వాడు చెప్పిన ధరకు ఇంకో పాత ట్రాక్టరు వస్తుంది. పోనీ, కేబుల్ కోసేసి క్రేనుతో బయటికి లాగిద్దామంటే అమ్మ అడ్డం నిలబడింది.

"నా బిడ్డ బండి మీద కత్తి పెడితే ఊరుకోను" అంది.

చేలో టమోటాలు పండి రాలిపోతున్నాయి. నా ట్రాక్టరుకు వెనక గోడ, ముందు నువ్వు. రోజూ నీ కారును నోరారా తిట్టి, పక్కింటివాళ్ల ట్రాక్టరు అడుక్కోవడానికి పోతున్నాను.

కారు యాప్ నీ ఫోన్లోనే ఉంది కాబట్టి ఆ నంబరుకు ఇంకా రీచార్జి చేయిస్తున్నాను. పొద్దున్నే అమ్మ ఆ ఫోను తెచ్చి, ఏం వచ్చిందో చదవమంటుంది.

"మీ కారు ఇంటి దగ్గరే ఉంది" అని చదువుతాను.

"ఇంకోసారి చదువప్పా" అంటుంది.