తెల్ల టేపు మీద నా పేరు

హాన్యా అక్కా, నేను క్షేమం, ముందు పన్ను మాత్రం ఇంకోటి రాలింది.

పాత జట్టు నన్ను ఈ జట్టుకిచ్చేసి, బదులుగా ఒక కుర్రాణ్ణి తెచ్చుకుంది కదా. ఇక్కడ బట్టలు మార్చుకునే గదిలో నా బెంచీ పైన గోడకి, పేరు తెల్ల టేపు మీద రాసి అంటించారు, పీకడానికి వీలుగా. ఈ ముసలి కాళ్లు మళ్లీ గోల్సు కొడతాయని ఎవరనుకున్నారు? నిన్న మేనేజరు ఇంకో మూడేళ్లు ఐస్ హాకీ ఆడమని ఒప్పందం కాగితం ముందు పెట్టాడు. కుర్రాళ్ల బూట్లలో నేను నింపిన సబ్బు నురగకి ఇది బదులనుకుని పడీపడీ నవ్వాను.

"తలుపు వెనక దాక్కున్నోణ్ణి బయటికి రమ్మనండి!" అన్నాను.

"ఎవరూ లేరు, మెట్రో. నువ్వే కావాలి," అన్నాడు.

నమ్మకుండా వచ్చేశాను. గదిలో స్కేట్లకి సానపట్టే ముసలి గస్ స్టూలెక్కి, టేపు పీకేసి, నా పేరు చెక్కిన ఇత్తడి రేకు బిగిస్తున్నాడు.

"గుడ్లప్పగించింది చాలు, ఆ స్క్రూ ఇలా ఇయ్యరా బోసినోడా! ఇది ఊడాలంటే గోడే కూలాలి," అన్నాడు.

స్క్రూ అందించానక్కా. మేనేజరు దగ్గరికి వెనక్కెళ్లి సంతకం పెట్టేశాను.

విత్తనాలప్పుడు నేనొస్తానని బావ ఎదురుచూడొద్దు, ట్రాక్టరు మీదకి వేరేవాణ్ణి పెట్టుకోమను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వేయించిన పొద్దుతిరుగుడు గింజలు పంపు. పిల్లలకి ముద్దులు. ఈ కార్డు మూలన అంటించింది నా పేరున్న ఆ టేపే, అమ్మ మంచం పక్కన గోడకి అంటించు. పాతదే గానీ, ఇంకా జిగురుంది.

నీ తమ్ముడు మెట్రో