కణానికి మూఢం లేదు

డిసెంబర్ 3

స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. రేగుపండంత. నొప్పి లేదు. అమ్మకు చెప్పాను. అమ్మ ముందు వెళ్లి కిటికీ మూసింది.

డిసెంబర్ 4

మేనత్త కమలత్తమ్మకు అప్పుడే తెలిసిపోయింది. మా గిన్నెల షాపు గల్లా దగ్గర కూర్చునే తీర్పు చెప్పేసింది. పరీక్షకని గడ్డకు సూది గుచ్చితే అది ఒళ్లంత పాకుతదట. పైగా ఇప్పుడు మూఢమట, ఫిబ్రవరి దాంక ఏదీ మొదలువెట్టద్దట. జర సప్పుడు చెయ్యకు బిడ్డా, పెండ్లి కావాల్సిన పిల్లవు, దవాఖాన మెట్ల మీద ఎవలన్న చూస్తే ఏమంటరు అంది. దవాఖానకు పోవడం శుభకార్యం ఎప్పుడైందో! అమ్మ తలూపింది. ఈ ఇంట్లో అమ్మ ఉద్యోగం అదే.

డిసెంబర్ 8, సాయంత్రం

ఈ రోజు కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు సెల్ సైకిల్ చెప్పాను. కణం పెరుగుతుంది, తన డీఎన్ఏకి నకలు తీసుకుంటుంది, ఇంకాస్త పెరిగి రెండుగా చీలుతుంది. మధ్యలో చెక్‌పాయింట్లు. నకలులో తప్పుంటే ఆగి సరిచేసుకోవాలి, కుదరకపోతే చచ్చిపోవాలి. వెనక బెంచీ నుంచి నవ్య లేచి, ఆగకపోతే ఏమైతది మేడం అంది. చీలుతూనే ఉంటుంది, దాని పిల్లలకూ ఆగడం రాదు, గడ్డవుతుంది అన్నాను. చేతిలో చాక్‌పీసు విరిగింది.

ఇంటికొచ్చి అమ్మ మీద అదే పాఠం అరిచాను. కణం పంచాంగం చూసి చీలదమ్మా, దానికి మూఢం లేదు అన్నాను. అమ్మ ఉల్లిగడ్డలు తరుగుతూనే, నొప్పి లేదు గదనే, మరెందుకు ఫికర్ అంది. నొప్పి లేదనే కదా నా భయం, క్యాన్సర్ గడ్డ చాలాసార్లు మొదట్లో నొప్పి పెట్టదు!

డిసెంబర్ 9

కోపం. రాయడానికి ఇంకేం లేదు.

డిసెంబర్ 11

సెలవు పెట్టి ఒక్కదాన్నే వెళ్లాను. తోడెవరూ రాలేదా అని నర్సు అడిగింది. అందరూ ఉన్నారు, మూఢంలో ఉన్నారు అన్నాను. ఆమె నవ్వలేదు. స్కాన్, తర్వాత సూది. చీమ కుట్టినట్టుంది. దీనికా ఇంత రాద్ధాంతం!

డిసెంబర్ 15

ఫైబ్రోఅడినోమా. క్యాన్సర్ కాదు.

అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. నేను ముందే అన్న గదనే, ఏం గాదని, ఉత్తగనే పొడిపిచ్చుకున్నవ్ అంది. నేను బాగున్నందుకు కాదు, తను గెలిచినందుకు సంబరం. తలుపు ధడేల్మని వేశాను.

డిసెంబర్ 16, పొద్దున

అమ్మ గడియ పెట్టి, నా చేయి లాక్కుని తన రొమ్ము మీద పెట్టుకుంది. లోపల గడ్డ, రాయిలా ఉంది. పోయిన బతుకమ్మ నుంచట. సూది నిన్నేం జెయ్యలే గదా, ఇగ నాకు గూడ పొడిపియ్యి అంది.

ఆటోకు ఫోన్ చేసి, చీర మార్చుకో అని అరిచాను. కింద ఆటో హారన్ కొడుతోంది.